కోలా సిరప్ ఇంట్లో కలిపి చూశాను

కూల్‌డ్రింక్ సీసా మీద, లోపల కలిపిన పదార్థాలకు గుర్తుగా 330, 338, 150డి, 211 అంటూ అంకెలు ఉంటాయి. ఏది దేనికో చదివితే తెలిసిపోతుంది. వాటిలో ఒక్కోటి లేకుండా చేస్తే ఏమవుతుందో చూడాలనిపించి, కోలా రుచి సిరప్ మొదటి నుంచి నేనే కలపడానికి కూర్చున్నాను.

ముందు రుచి. నారింజ, నిమ్మ, లైమ్ తొక్కల నూనెలు, దాల్చినచెక్క నూనె, జాజికాయ నూనె, కాస్త వెనిల్లా. ఇవన్నీ ఒక చిన్న సీసాలో కలిసేసరికి ముక్కు ‘కోలా’ అనేసింది! నూనెలు తినడానికి పనికొచ్చే రకమే కొనాలి, సువాసన కోసం అమ్మేవి వద్దు. లీటర్ల కొద్దీ డ్రింక్‌కి చుక్కలే చాలు. లేబుల్ మీద ఈ వ్యవహారమంతా ‘సహజ రుచులు’ అన్న రెండు మాటల్లో దాక్కుంటుంది. అంకెలు చూసి మనం కంగారు పడతాం గానీ, అంకె ఉన్నదాని గురించి వెతికి తెలుసుకోవచ్చు. ఈ రెండు మాటల వెనక ఏముందో తెలుసుకునే దారే లేదు.

అసలు పని నూనెను నీళ్లలో నిలబెట్టడం. మిశ్రమాన్ని రెండు భాగాలు చేశాను. ఒక భాగాన్ని నేరుగా చక్కెర పాకంలో పోస్తే కాసేపటికే పైకి తేలి తెట్టులా నిలిచింది. రెండోదానికి గమ్ అరబిక్ వాడాను. ఇది సూడాన్ లాంటి చోట్ల పెరిగే తుమ్మ జాతి చెట్ల జిగురు, అంకె 414. పొడిని రాత్రంతా నానబెట్టి, హ్యాండ్ బ్లెండర్ తిప్పుతూ నూనెను చుక్కచుక్కగా వేశాను. చేయి నొప్పి పుట్టింది గానీ, చివరికి పాలలా తెల్లగా వచ్చింది. అయినా సీసాలో నెలల తరబడి నిలవాలంటే జిగురొక్కటే చాలదు. నూనె నీటికన్నా తేలిక కాబట్టి మెల్లగా మెడ దగ్గరికి చేరి వలయంలా పేరుకుంటుంది. అందుకే నారింజ డ్రింకుల్లో నూనెకు బరువు పెంచడానికి 445, అంటే పైన్ చెట్ల రోసిన్ నుంచి తీసిన ఈస్టర్ గమ్, వేస్తారు. ఇదే పనికి వాడిన బ్రోమినేటెడ్ వెజిటబుల్ ఆయిల్‌కి అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జులైలో అనుమతి రద్దు చేసింది.

పులుపుకి మొదట సిట్రిక్ యాసిడ్ (330) వేశాను. నిమ్మరసంలా పండు రుచి వచ్చింది. అన్నట్టు, ఇప్పుడు దాన్ని ఎక్కువగా తీసేది నిమ్మకాయల నుంచి కాదు, ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజుకి చక్కెర మేపి. తర్వాతి విడతలో ఆహారానికి వాడే ఫాస్ఫారిక్ యాసిడ్ (338) తీసుకుని, గ్లవ్స్ వేసుకుని బాగా పలచన చేసి కలిపాను. పండు వాసన లేకుండా నాలుక మీద గుచ్చే పులుపు. కోలా అంటే ఇదే కదా అనిపించింది.

రంగు వేయని గ్లాసు ఇస్తే ఇంట్లోవాళ్లు నిమ్మ సోడా అన్నారు. అదే డ్రింక్‌లో కారమెల్ రంగు కలిపి ఇస్తే కోలా అన్నారు! కంపెనీలు కోలాకి వాడే 150డి రకాన్ని అమ్మోనియా, సల్ఫైట్‌లతో చేస్తారు. అది ఆమ్లంలో విరిగిపోదు.

కెఫీన్ జోలికి పోలేదు. శుద్ధమైన పొడి ఒక టీస్పూన్ 28 కప్పుల కాఫీకి సమానమని ఎఫ్‌డీఏ హెచ్చరిక. వంటింటి కొలతలతో ఆడుకునే వస్తువు కాదది. సోడియం బెంజోయేట్ (211) కూడా మానేశాను, సిరప్ ఫ్రిజ్‌లోనే ఉంటుంది కాబట్టి. ఆ ప్రిజర్వేటివ్ పుల్లటి డ్రింకుల్లోనే బాగా పనిచేస్తుంది. విటమిన్ సి తోడైతే వేడికీ వెలుతురుకీ క్యాన్సర్ తెచ్చే రసాయనమైన బెంజీన్ కొద్దిగా పుట్టవచ్చని తేలాక కొన్ని కంపెనీలు ఫార్ములాలు మార్చుకున్నాయి.

చక్కెర లేని విడతే ఎక్కువ విసిగించింది. చక్కెరకు 600 రెట్లు తీపిగా ఉండే సుక్రలోజ్ చిటికెలో చిటికె చాలు, కానీ డ్రింక్ నోట్లో నీళ్లలా జారిపోయింది. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు పైగా ఉండే చక్కెర తీపితో పాటు చిక్కదనం కూడా ఇస్తుంది. అసిసల్ఫేమ్ అనే మరో కృత్రిమ తీపి పదార్థం ఒక్కటే వేస్తే చివర్లో చేదు తగిలింది. రెండూ కలిపితే చేదు తగ్గింది, పలచదనం మాత్రం అలాగే ఉంది.

ఒక వంతు సిరప్‌కి ఐదు వంతుల చల్లటి సోడా సరిపోయింది. చేయాలనుకునేవాళ్లు నూనెల మిశ్రమాన్ని ముదురు రంగు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి. గాలి తగిలితే నిమ్మజాతి నూనెలకు టర్పెంటైన్ వాసన పట్టుకుంటుంది.