బోలు చాక్లెట్ గుడ్డుకు అట్టపెట్టె: నా అనుభవం

చాక్లెట్ గుడ్డు చూడటానికి కోడిగుడ్డు ఆకారంలోనే ఉన్నా, బలం విషయంలో ఆ రెండింటికీ పోలిక లేదు. కోడిగుడ్డు పెంకుకు ఎక్కడా అతుకు ఉండదు, లోపల ద్రవం నిండుగా ఉంటుంది. ఈస్టర్‌కు అమ్మే పెద్ద చాక్లెట్ గుడ్డును మాత్రం పాలికార్బొనేట్ అచ్చుల్లో రెండు చిప్పలుగా విడివిడిగా పోసి, అంచులను కాస్త కరిగించి అతికిస్తారు. లోపలంతా బోలుగా ఉంటుంది. నేను పెట్టె రూపొందించవలసి వచ్చిన గుడ్డు ఎత్తు 150 మిల్లీమీటర్లు, బాగా ఉబ్బిన చోట వెడల్పు 105 మిల్లీమీటర్లు, బరువు సుమారు 200 గ్రాములు, చిప్ప మందం సగటున మూడున్నర మిల్లీమీటర్లు. సగటున అని చెప్పడానికి కారణముంది: కరిగిన చాక్లెట్ గట్టిపడేలోపు అచ్చులో జారుతుంది కాబట్టి ఒకచోట మందంగా, మరొకచోట పలచగా నిలుస్తుంది. రెండు కొసలు కొంత ఒత్తిడిని ఓర్చుకుంటాయి గానీ, పొట్టభాగం మీద బొటనవేలితో గట్టిగా నొక్కితే చాలు, చిప్ప లోపలికి విరుగుతుంది.

నేను విజయవాడలో స్వీటు పెట్టెలు తయారుచేసే ఒక ప్రెస్సులో పని నేర్చుకుని, తర్వాత ఇంగ్లండుకు వచ్చి బ్రిస్టల్‌లో ప్యాకేజింగ్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. బ్రిటన్‌లో తొలి బోలు చాక్లెట్ గుడ్డును 1873లో తయారుచేసిన ఫ్రై సంస్థది ఈ ఊరే. క్యాడ్‌బరీ గుడ్డు ఆ తర్వాత రెండేళ్లకు వచ్చింది. ఇక్కడే ఉన్న ఒక చిన్న చాక్లెట్ తయారీ సంస్థ ఈ పని నాకు అప్పగించింది. వారు గుడ్ల మీద రంగు కలిపిన కోకో బటర్‌తో చేత్తో చిత్రాలు వేస్తారు కనుక వాటికి రేకు కాగితం చుట్టడానికి ఒప్పుకోలేదు. ప్లాస్టిక్ వద్దన్నారు, బిగించేటప్పుడు జిగురు పూసే అవసరం ఉండకూడదన్నారు, బిగించకముందు పెట్టెలు చదునుగా తమ దగ్గరికి రావాలన్నారు, అన్నిటికంటే ముఖ్యంగా గుడ్డు టపాలో పంపినా పగలకుండా చేరాలన్నారు.

పెట్టె రూపాన్ని నిర్ణయించింది ఈ చివరి షరతే. బ్రిటన్ టపా సంస్థ రాయల్ మెయిల్‌లో చిన్న పార్సిల్‌కు గరిష్ఠ కొలత 45, 35, 16 సెంటీమీటర్లు. గుడ్డు ఎత్తే 15 సెంటీమీటర్లు కాబట్టి, పైనా కిందా ఖాళీ వదిలితే నిలువుగా ఆ 16 సెంటీమీటర్లలో ఇమడదు. అందువల్ల దుకాణంలో నిలబడి కనిపించే గుడ్డు, దారిలో మాత్రం పక్కకు ఒరిగి పడుకుని ప్రయాణం చేస్తుంది. నిలబెట్టినప్పుడు దాని బరువు కింది కొసకు దగ్గర పడుతుంది. పడుకోబెట్టినప్పుడు అదే బరువు బలహీనమైన పొట్ట మీదికి వస్తుంది. గుడ్డును రెండు కొసల దగ్గర పట్టుకుని, పొట్ట ఏ గోడకూ తగలకుండా మధ్యలో వేలాడదీయడం ఒక్కటే దీనికి దారి అని నాకు మొదటే స్పష్టమైంది.

పెట్టె ఎంత గట్టిగా ఉంటే గుడ్డుకు అంత క్షేమమని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. 760 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి పడిన గుడ్డు 2 మిల్లీమీటర్లలో ఆగిపోతే, దాని మీద పడే బలం సగటున దాని బరువుకు 380 రెట్లు. అంటే 200 గ్రాముల గుడ్డు మీద 76 కిలోల బరువు పెట్టినంత పని. అదే గుడ్డు 10 మిల్లీమీటర్ల దూరంలో నెమ్మదించి ఆగితే ఆ బలం 15 కిలోలకు తగ్గుతుంది. కాబట్టి గుడ్డు ఆగడానికి కావలసిన ఆ కొద్ది దూరాన్ని పెట్టె తాను నలిగి సమకూర్చాలి. ఈ పనంతటిలో నేను పట్టుకుని వదలని సూత్రం ఇదొక్కటే: గుడ్డుకంటే ముందు అట్ట లొంగాలి, అదీ నేను ఎంచిన చోటే లొంగాలి.

కోడిగుడ్ల కోసం అట్టపెట్టెను 1911లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జోసెఫ్ కాయిల్ అనే పత్రికా సంపాదకుడు రూపొందించారు. ఒక్కొక్క గుడ్డుకు విడిగా ఒక గూడు ఉండాలన్న ఆయన ఆలోచన నాకూ పనికొచ్చింది. ఇప్పుడు మనం చూసే కాగితపు గుజ్జు ట్రేలు మాత్రం ఈ సంస్థకు అందవు. వాటి అచ్చుల ఖర్చు ఇంత చిన్న ఉత్పత్తి మీద పడితే గుడ్డు కంటే ట్రే ఖరీదవుతుంది. మడిచే అట్టకైతే ఒక డై, అంటే అట్టను కోసి మడత గీతలు నొక్కే ఉక్కు పట్టీల అచ్చు, చాలు.

అసలు శ్రమంతా గుడ్డు కూర్చునే పీట దగ్గరే జరిగింది. అట్టలో గుండ్రటి రంధ్రం కోసి గుడ్డును అందులో నిలబెడితే, అది అర మిల్లీమీటరు మందమున్న కోసిన అంచు మీద కూర్చుంటుంది. కాస్త కదిపి తీసి చూస్తే, చాక్లెట్ మీద ఆ అంచు చుట్టూ సన్నని తెల్లటి గీత గీసి ఉంటుంది. చిత్రం మీది రంగు పొడిగా రాలి అట్టకు అంటుకుని ఉంటుంది. అందుకని రంధ్రాన్ని 60 మిల్లీమీటర్లకు కుదించి, దాని అంచు నుంచి బయటికి 12 చీలికలు కోశాను. గుడ్డు దిగగానే ఆ చీలికల మధ్య ఉన్న రేకులు పువ్వు విచ్చినట్టు కిందికి వంగుతాయి, గుడ్డు అంచు మీద కాక రేకుల నునుపైన ముఖం మీద ఆనుకుంటుంది. రేకుల మొదట్లో మడత గీత పెట్టలేదు. పెడితే అవి తలుపు రెక్కల్లా జారిపోయి గుడ్డును ఆపవు. గీత లేకుండా వదిలితే వంపు తిరిగి, వెనక్కి తన్నే బలం వాటిలో నిలుస్తుంది. ప్రతి చీలిక కొసనా ఒకటిన్నర మిల్లీమీటర్ల చిన్న రంధ్రం ఉంచాను. అది లేకపోతే దెబ్బ తగిలినప్పుడు చీలిక అక్కడి నుంచి సాగి చిరుగుతుంది.

ఇంత చేసినా తొలి నమూనాలో గుడ్డు ఒక పక్కకు ఒరిగి నిలిచింది. ఆ సాయంత్రం విజయవాడలో నాకు పని నేర్పిన మాస్టారికి ఫోన్ చేసి వివరిస్తుంటే, ఆయన నన్ను పూర్తిగా చెప్పనివ్వకుండానే, "గ్రెయిన్ ఎటు పోతోందో చూశావా అమ్మా?" అన్నారు. కాగితం తయారయ్యే యంత్రం మీద పీచులు ఎక్కువగా ఒకే దిశలో పేరుకుంటాయి; ఆ దిశలో ఉన్న రేకులు బిరుసుగా, అడ్డంగా ఉన్నవి మెత్తగా ఉంటాయి. నేను ఎంచుకున్న అట్టలో ఈ తేడా దాదాపు రెట్టింపు. అట్టను తిప్పినంత మాత్రాన ఇది పోదు, ఎందుకంటే రేకులు అన్ని దిశలలోనూ ఉన్నాయి. రేకు బిరుసుతనం దాని పొడవు ఘనానికి విలోమంగా మారుతుంది కనుక, 12 మిల్లీమీటర్ల రేకును 15కు పొడిగిస్తే బిరుసు సుమారు సగమవుతుంది. గ్రెయిన్ వెంట ఉన్న రేకులను 15 మిల్లీమీటర్లకు పెంచి, అడ్డంగా ఉన్నవాటిని 12 దగ్గరే ఉంచి, మధ్యలో ఉన్నవాటిని క్రమంగా సర్దాను. చీలికల కొసలను కలిపితే ఇప్పుడు వృత్తం రాదు, కొద్దిగా కోలగా ఉండే గీత వస్తుంది. కానీ గుడ్డు నిటారుగా నిలబడింది. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఆనందమిచ్చిన మార్పు ఇదే.

పై కొసకు కూడా ఇలాంటి పలకే ఉంది, కాకపోతే రంధ్రం చిన్నది. పెట్టె లోపలి వెడల్పు 125 మిల్లీమీటర్లు. అంటే పొట్టకు ప్రతి పక్కనా 10 మిల్లీమీటర్ల ఖాళీ. పీట అడుగు నుంచి 40 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, గుడ్డు కింది కొసకూ అడుగుకూ మధ్య సుమారు 15 మిల్లీమీటర్లు మిగులుతాయి. పీటను మోసే కాళ్లను నిట్టనిలువుగా పెట్టకుండా, మధ్యలో ఒక మడత గీత వేసి మోకాలు కాస్త వంచినట్టు అమర్చాను. ఆ గీతను అక్కడక్కడా కోసి బలహీనపరచడం వల్ల, పెట్టె నిలువుగా పడితే ముందుగా అదే కుంగుతుంది. మామూలుగా మోసేటప్పుడు మాత్రం కదలదు. ఎంత కోయాలి, ఎంత వదలాలి అన్నది లెక్కతో కొంతవరకే తేలుతుంది, మిగిలినది నమూనాలు కోసి, పడేసి చూసుకోవలసిందే.

అట్ట 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) ఫోల్డింగ్ బాక్స్ బోర్డు, మందం అర మిల్లీమీటరు. మడత గీత బాగా పడాలంటే, నొక్కే ఉక్కు పట్టీకి (రూలుకు) ఎదురుగా ఉండే గాడి వెడల్పు, అట్ట మందానికి ఒకటిన్నర రెట్లకు రూలు మందం కలిపినంత ఉండాలన్నది మా వృత్తిలో అందరూ పాటించే లెక్క. 0.71 మిల్లీమీటర్ల రూలుకు అది దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు అవుతుంది. గాడి ఇరుకైతే అట్ట పై పొర పగులుతుంది, వెడల్పైతే మడత ఎటు తిరగాలో తెలియక వంకర పోతుంది. కోత, మడత గీత రెండూ ఒకే దెబ్బతో పడే ఈ పద్ధతి 1879లో బ్రూక్లిన్‌లో రాబర్ట్ గెయిర్ కాగితపు సంచుల కర్మాగారంలో మొదలైంది. మడత గీత వేయవలసిన లోహపు పట్టీ స్థానం తప్పి సంచులను కోసేయడంతో ఆయనకు ఆ ఆలోచన తట్టింది. మన ఊళ్లలో డై పంచింగ్ అని పిలిచేదీ ఈ పద్ధతే.

రేకు కాగితం లేకపోవడం వల్ల అట్ట నేరుగా చాక్లెట్‌ను తాకుతుంది, కాబట్టి అట్ట ఏ గుజ్జుతో తయారైందన్నది ఇక్కడ కీలకం. పాత వార్తాపత్రికలను తిరిగి గుజ్జు చేసిన అట్టలో సిరాకు చెందిన ఖనిజ నూనెలు మిగిలి, కొవ్వు ఉన్న ఆహారంలోకి చేరతాయి. అందుకే కొత్త కలప గుజ్జుతో చేసిన, రెండు వైపులా నునుపు పూత ఉన్న అట్టనే తీసుకున్నాం. చాక్లెట్ వాసనలను ఎంత త్వరగా పీల్చుకుంటుందంటే, అట్టకు అవాంఛనీయమైన వాసన ఉందో లేదో తేల్చే రాబిన్సన్ పరీక్షలో చాక్లెట్‌నే వాడతారు: మూసిన సీసాలో అట్ట ముక్కతో పాటు దాన్ని ఉంచి, ఆ తర్వాత రుచి చూసేవారి నాలుకకు అందిస్తారు. పెట్టె లోపలి వైపు ఏమీ ముద్రించలేదు. అయినా అచ్చయిన షీట్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు కనుక, పై షీటు వెనక భాగానికి కింది షీటు సిరా అంటుకునే ప్రమాదం ఉంది. ఆహార ప్యాకేజింగ్‌కు ఉద్దేశించిన సిరాలు వాడి, పూర్తిగా ఆరేవరకు ఎత్తైన దొంతరలు పేర్చవద్దని ప్రెస్సుకు ముందే రాసి ఇచ్చాను.

గుడ్లు పెట్టెల్లో సర్దేవారి పక్కన నిలబడి చూడటం ఎంతో మేలు చేసింది. పైనుంచి గుడ్డును దించేటప్పుడు, రేకులు వంగే చిన్న బిగువు తగలగానే ఎవరైనా బొటనవేలితో కాస్త నొక్కుతారు. అది చెయ్యి తనంతట తాను చేసే పని, వద్దని చెప్పి మాన్పించలేం. అందుకే పెట్టె కట్టే వరస మార్చాను. గోడలు తెరిచి ఉండగానే, గుడ్డును పొట్ట దగ్గర రెండు అరచేతులతో పట్టుకుని పీట మీద ఉంచి వదిలితే, తన బరువుకే అది రేకుల్లోకి దిగుతుంది. ఆ తర్వాత గోడలు చుట్టి, పై పలక మూసి, నాలుకను గాడిలో దోపితే పెట్టె పూర్తవుతుంది. చిప్పల అతుకు గోడవైపు కాకుండా పెట్టె మూలవైపు తిరిగి ఉండాలి, ఎందుకంటే మూలల దగ్గరే ఖాళీ ఎక్కువ. ఈ సంగతిని కాగితం మీద రాసి గోడకు అంటించే బదులు, పీట మీద రెండు రేకుల కొసలను సూదిగా కోశాను. అతుకు ఆ కొసలకు ఎదురుగా ఉంటే చాలు.

టపాకు వెళ్లే బయటి పెట్టె సన్నని ముడతల పొర ఉన్న ఇ ఫ్లూట్ అట్టతో చేసిన మామూలు మెయిలర్. గుడ్డు పెట్టెను అందులో పడుకోబెట్టినా మొత్తం మందం 16 సెంటీమీటర్లు దాటదు. పరీక్షకు, పార్సిళ్ల రవాణా పరీక్షల ప్రమాణాలు రూపొందించే ఇస్టా సంస్థ 1ఎ పద్ధతి అనుసరించాం: 760 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి ఒక మూల, మూడు అంచులు, ఆరు ముఖాల మీద అదే పార్సిల్‌ను వరసగా పడేయాలి. పడేసిన తర్వాత గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని గోటితో తట్టేదాన్ని. చెక్కుచెదరని గుడ్డు కంగుమంటుంది, పగుళ్లు పడినది కంటికి కనపడకపోయినా మొద్దుగా పలుకుతుంది. బలహీనపరిచిన కాళ్లున్న పెట్టెలో ఆ వరస పూర్తయ్యేసరికి మోకాళ్ల దగ్గర అట్ట నలిగి పీచులు తెల్లగా పైకి తేలాయి, రేకుల్లో కొన్ని శాశ్వతంగా వంగిపోయాయి, గుడ్డు మాత్రం తట్టిన ప్రతిచోటా ఒకేలా మోగింది. నిట్టనిలువు కాళ్లున్న పాత నమూనాలో పెట్టె చెక్కుచెదరలేదు, లోపలి గుడ్డు అడుగు భాగం ముక్కలైంది.

ఈ వివరాలు విని, ఆంధ్రలో ఇలాంటి గుడ్లు అమ్మాలని ఉందని అడిగినవారికి ఒక మాట చెబుతాను. కోకో మన పశ్చిమ గోదావరి ప్రాంతంలో పుష్కలంగా పండుతున్నా, చక్కగా టెంపర్ చేసిన (వేడిని అదుపులో ఉంచి గట్టిపరచిన) చాక్లెట్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఈస్టర్ వచ్చేది మార్చి చివర నుంచి ఏప్రిల్ వరకు. ఈ పెట్టె దెబ్బల నుంచి కాపాడుతుంది గానీ ఎండ నుంచి కాపాడదు. అక్కడ చల్లటి రవాణా ముందు కుదిరాకే పెట్టె గురించి ఆలోచించాలి. చల్లటి గది నుంచి తీసిన గుడ్డును వెంటనే తెరిస్తే దాని మీద చెమ్మ పడుతుంది, ఆ చెమ్మకు రేకులు మెత్తబడి పట్టు వదులుతాయి కనుక, గది వేడికి వచ్చేదాకా పెట్టె మూసే ఉంచాలి.

ఇప్పుడు ఆ సంస్థ ఇంకాస్త చిన్న గుడ్డు కూడా తేవాలనుకుంటోంది. బయటి గోడలు, కాళ్ల కొలతలు, మెయిలర్ అన్నీ అవే ఉంటాయి. ప్రధానంగా మారేవి పీటలోనూ పై పలకలోనూ రంధ్రాలు, రేకుల పొడవులు. డైలో ఆ రెండు భాగాలను విడిగా తీసి మార్చుకునేలా చేయించాను కాబట్టి కొత్త డై మొత్తం చేయించే ఖర్చు ఉండదు. చిన్న గుడ్డు తేలికైనది కనుక కాళ్ల మీది కోతలు దానికి ఇంకొంచెం పెంచవలసి ఉంటుందని నా అంచనా. ఆ నమూనాలను ఈ వారమే కోయిస్తున్నాను.