మా పచ్చళ్ళకి ఆటోమేషన్ పెట్టుకున్నాం: నా అనుభవం

రెండేళ్ళ క్రితం దాకా మా పచ్చళ్ళ వ్యాపారం మొత్తం నా ఫోన్‌లోనే నడిచేది. అడ్రస్ అడగడం, డబ్బులు అందాయని చెప్పడం, కొరియర్ నంబర్ పెట్టడం, అన్నీ నేనే. ఏప్రిల్, మే నెలల్లో ఒకపక్క కాయ కొట్టించడం, ఇంకోపక్క ఈ మెసేజ్‌లు, రాత్రి పన్నెండయినా ఫోన్ వదిలేదాన్ని కాదు. ఆ టెన్షన్ పడలేకే వాట్సాప్, ఈమెయిల్ రెండూ తనంతట తానే పంపే సాఫ్ట్‌వేర్ ఒకటి నెలకింత అని కట్టి తీసుకున్నాను. ఇంటి నుంచి వ్యాపారం చేసేవాళ్ళు చాలామంది ఇదే ఆలోచనలో ఉన్నారు కాబట్టి, ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో చెప్తాను.

మొదటి నెలంతా కస్టమర్ల లిస్టు బాగుచేయడానికే పోయింది. నంబర్లు ఎక్సెల్‌లో పెడితే 91తో మొదలయ్యే పన్నెండు అంకెలూ పోయి మధ్యలో చుక్కతో ఏదో లెక్కలా కనిపిస్తుంది. అతికించే ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చుకోండి. పేర్ల సంగతి ఇంకా పెద్దది. సాఫ్ట్‌వేర్ ముందున్న ముక్కనే సొంత పేరనుకుంటుంది, మనకేమో ఇంటిపేరు ముందు. టెస్ట్ మెసేజ్ పెట్టి చూస్తే "కె గారూ, మీ గోంగూర బయల్దేరింది" అని వచ్చింది. అందుకని "పిలిచే పేరు" అని వేరే కాలమ్ పెట్టి నాలుగు సాయంత్రాలు కూర్చుని చేత్తో నింపాను. ఎవరిని ఏమని పిలవాలో తెలియని చోట ఖాళీగా వదిలేసి, ఖాళీ ఉంటే "నమస్కారమండీ" అని వెళ్ళేలా పెట్టాను.

తర్వాత రీఆర్డర్ రిమైండర్. కిలో గోంగూర తీసుకున్న ఇల్లు మళ్ళీ నెలన్నరకి అడుగుతోందని పాత ఆర్డర్లు చూసి తెలుసుకుని, నలభయ్యో రోజున "సీసా అయిపోవచ్చిందా అండీ" అని పంపమన్నాను. బాగానే పనిచేసింది, కానీ మధ్యలో కొందరు ఫోన్ చేసి తెప్పించుకున్నారు, ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. ఒక పెద్దావిడ "నిన్ననే కదమ్మా సీసా అందింది, మర్చిపోయావా?" అని రాశారు. ఆవిడ నాలుగేళ్ళుగా మా దగ్గరే కొంటున్నారు, చాలా బాధేసింది. అప్పటి నుంచి ఏ మెసేజ్ పెట్టాలన్నా ముందు అది ఎప్పుడు ఆగాలో కాగితం మీద రాసుకుంటున్నాను: ఆర్డర్ వస్తే ఆగాలి, ఫిర్యాదు పెండింగ్‌లో ఉంటే ఆగాలి, "వద్దు" అని జవాబిస్తే ఆగాలి. ఫోన్ ఆర్డర్లు కూడా ఏ రోజువి ఆ రాత్రే ఎక్కించేస్తున్నాను.

ఉగాదికి అందరికీ శుభాకాంక్షలు వెళ్ళాయి. విజయవాడ నుంచి ఒకాయన "మాకు ఈ ఏడాది పండగ లేదమ్మా" అని ఒక్క ముక్క రాశారు. వాళ్ళమ్మగారు పోయి అప్పటికి మూడు నెలలు. వెంటనే ఫోన్ చేసి మాట్లాడాను. ఆ రోజే "పండగ మెసేజ్ వద్దు" అని ఒక ట్యాగ్ పెట్టాను. దాని పక్కనే తేదీ వేసుకుంటాను, ఏడాది తిరిగాక నేనే చూసి తీస్తాను. మీరు ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా ఈ ట్యాగ్ మొదటి రోజే పెట్టుకోండి, ఏ కంపెనీ ట్రైనింగ్‌లోనూ ఇది చెప్పరు.

ఖర్చు సంగతి. వాట్సాప్‌లో సమాచారం మెసేజ్‌కి ఒక రేటు, ప్రచారం మెసేజ్‌కి అంతకంటే ఎక్కువ రేటు. పార్సిల్ బయల్దేరిందని చెప్పే టెంప్లేట్ (వాట్సాప్ దగ్గర ముందే అనుమతి తీసుకున్న మెసేజ్ నమూనా) చివర "కొత్త మాగాయ కూడా వచ్చింది" అని ఒక్క లైను కలిపాను, అంతే, అది ప్రచారం కింద లెక్కయింది. రెండూ విడివిడిగా పెట్టుకోండి. కస్టమర్ మనకి మెసేజ్ చేసిన 24 గంటల్లోపు అయితే టెంప్లేట్ లేకుండా మామూలుగా రాయొచ్చు. ఎస్సెమ్మెస్ కూడా ఆలోచించాను, కానీ డీఎల్‌టీలో (వ్యాపార ఎస్సెమ్మెస్‌లు పంపేవాళ్ళు టెలికాం కంపెనీల దగ్గర నమోదు చేయించుకునే చోటు) రిజిస్ట్రేషన్, పంపే పేరుకీ ప్రతి టెంప్లేట్‌కీ అనుమతి, పైగా ఇంగ్లీషుకి 160 క్యారెక్టర్లు ఇచ్చే చోట తెలుగుకి 70 మాత్రమే. మనం మూడక్షరాలనుకునే "పచ్చళ్ళు" అక్కడ ఎనిమిది, వత్తులూ గుణింతాలూ అన్నీ విడిగా లెక్కే. మానేశాను.

ఈమెయిల్ ఎక్కువగా అమెరికాలో ఉన్న పిల్లలకి వెళ్తుంది, అమ్మానాన్నలకి ఇక్కడ ఆర్డర్ పెట్టేది వాళ్ళే. మొదట్లో అన్నీ స్పామ్‌లో పడ్డాయి. మా డొమైన్ (వెబ్ అడ్రస్) సెట్టింగ్స్‌లో ఎస్‌పీఎఫ్ రికార్డులు, అంటే మన పేరుతో ఎవరెవరు మెయిల్ పంపొచ్చో చెప్పేవి, రెండు ఉన్నాయి, పాతది తీయకుండా కొత్తది పెట్టాను. ఒక్కటే ఉండాలి, పంపేవాళ్ళ వివరాలన్నీ అందులోనే కలపాలి. మెయిల్ మన దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చూపే డీకిమ్, ఆ రుజువు తేలని మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే డీమార్క్ కూడా అప్పుడే పెట్టించేశాను. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ వీటిని గట్టిగా చూస్తోంది, రోజుకి 5,000 దాటి పంపేవాళ్ళకైతే మూడూ తప్పనిసరి.

ఇప్పుడు ప్రతి కొత్త మెసేజ్‌నీ ముందు మా అత్తగారి ఫోన్‌కి పంపుకుంటాను. ఆవిడ అక్షరాలు పెద్దవి చేసి పెట్టుకుంటారు, చదివి అర్థమైందంటేనే మిగతావాళ్ళకి వెళ్తుంది. ఒక్క పనికి మాత్రం ఆటోమేటిక్ జవాబు పెట్టలేదు. "మావారికి బీపీ, ఉప్పు తగ్గించి పెడతారా" అని అడిగేవాళ్ళున్నారు. ఉప్పు తగ్గిస్తే ఆవకాయ ఏడాది నిలవుండదు, ఫ్రిజ్‌లో పెట్టుకుని తొందరగా వాడుకోవాలి, ఆ సంగతి నేనే ఫోన్ చేసి చెప్తాను.