ఇంగ్లాండ్ టీమ్ బాగుంది, రేటే బాలేదు

2026 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఎవరు గెలుస్తారు అనే ఆడ్స్ (పందెం రేట్లు) ఎక్కడ చూసినా పైన ఉన్న నాలుగైదు టీముల్లో ఇంగ్లాండ్ ఉంటోంది, అది చూసి ఈసారి కప్పు వీళ్లదే అని చాలామంది ఫిక్సయిపోయారు. నాకు టీమ్ మీద పెద్దగా అనుమానం లేదండి, అనుమానమంతా ఆ రేటు మీదే.

టీమ్ సంగతి ముందు చూద్దాం. టుఖెల్ 2025 జనవరిలో కోచ్‌గా వచ్చాక క్వాలిఫయర్స్‌లో 8కి 8 గెలిచారు, 22 గోల్స్ కొట్టారు, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, సెర్బియాకి వెళ్లి అక్కడే 5-0 కొట్టొచ్చారు. కాకపోతే మిగతా మూడు టీములు అల్బేనియా, లాత్వియా, అండోరా. అదే ఏడాది జూన్‌లో సెనెగల్‌తో ఫ్రెండ్లీ ఆడితే సొంత దేశంలోనే 3-1తో ఓడిపోయారు. గట్టి టీమ్ ఎదురైతే ఏమవుతుందో ఆ 22 గోల్స్ చెప్పవు.

పాత కోచ్ సౌత్‌గేట్ టైమ్‌లో రికార్డు కూడా మంచిదే, 2018 వరల్డ్ కప్‌లో సెమీస్, 2021లో యూరో (యూరప్ దేశాల కప్పు) ఫైనల్, 2022 వరల్డ్ కప్‌లో క్వార్టర్స్, 2024లో మళ్లీ యూరో ఫైనల్. కానీ ఆ 2024 ప్రయాణం గుర్తు తెచ్చుకోండి, స్లొవేకియా మీద 95వ నిమిషంలో బెల్లింగమ్ ఆ సిజర్ కిక్ కొట్టకపోతే ప్రీక్వార్టర్స్‌లోనే ఇంటికి, తర్వాత స్విట్జర్లాండ్ మీద పెనాల్టీలు, నెదర్లాండ్స్ మీద 90 నిమిషాలయ్యాక వాట్కిన్స్ గోల్. గొప్పగా పోరాడారు, నాకు చాలా నచ్చిన టోర్నీ అది, కానీ ప్రతిసారీ అలాగే జరుగుతుందని లెక్క వేసుకోలేం కదా.

ఇక రేటు. ఉదాహరణకి 7.00 అనుకుందాం, అంటే 100 పెడితే మొత్తం 700 వస్తుంది. 1ని 7తో భాగిస్తే 14.3 శాతం, అంటే వీళ్లు గెలిచే ఛాన్స్ నిజంగా 14.3 కంటే ఎక్కువుంటేనే ఆ పందెం గిట్టుబాటు. ఇలా 48 టీముల శాతాలూ కలిపి చూడండి, 100 దాటిపోతుంది, ఆ దాటిందంతా బుకీ (పందేలు తీసుకునేవాడు) మార్జిన్, అంటే అతని లాభం. దానికి తోడు బ్రిటన్ బుకీల దగ్గర ఇంగ్లాండ్ మీద డబ్బు పెట్టేది సొంత ఫ్యాన్సే, 1966 తర్వాత ఒక్క వరల్డ్ కప్ కూడా లేని ఆకలి అది, ఎంత తక్కువ రేటు ఇచ్చినా పెడతారు. డబ్బు ఒకవైపే పడుతుంటే బుకీ రేటు తగ్గిస్తాడు, అందుకే ఇంగ్లాండ్ రేటులో ఆట ఎంతుందో అభిమానం కూడా అంత ఉంటుంది.

అసలు కష్టం దారిలో ఉంది. గ్రూప్‌లో క్రొయేషియా, ఘనా, పనామా, టాప్‌లో నిలవడం కష్టం కాదు. ఈసారి 48 టీములు కాబట్టి ఒక రౌండ్ ఎక్కువ, కప్పు కావాలంటే నాకౌట్‌లో ఐదు గెలవాలి. గ్రూప్ గెలిచి రౌండ్ ఆఫ్ 32 దాటితే తర్వాతి మ్యాచ్ మెక్సికో సిటీలో, అజ్టెకా స్టేడియంలో, మెక్సికో కూడా తన గ్రూప్ గెలిచి ముందుకొస్తే ఎదురుగా వాళ్లే. సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తు, ఊపిరి అందదు, పైగా సొంత జనం. 1986లో మారడోనా చేతిలో ఓడింది కూడా ఈ స్టేడియంలోనే. అక్కడ గట్టెక్కితే జులై వేడిలో మయామీలో క్వార్టర్స్, బ్రెజిల్ రావొచ్చు, సెమీస్‌లో అర్జెంటీనా, ఫైనల్‌కి స్పెయిన్ లేదా ఫ్రాన్స్. అమెరికా ఖండాల్లో ఇప్పటిదాకా 8 వరల్డ్ కప్పులు జరిగితే యూరప్ టీమ్ గెలిచింది ఒక్కసారే, 2014లో జర్మనీ.

నా అంచనా ప్రకారం ఆ ఐదు మ్యాచ్‌లకి వరుసగా 85, 65, 60, 52, 50 శాతం ఇస్తున్నా, ఇంకా తక్కువ ఇస్తే అన్యాయమే. అన్నీ గుణిస్తే 8.6 శాతం వస్తోంది. అంటే 11.60 దాకా రేటు వస్తేనే న్యాయం, 7.00కి నేనైతే అస్సలు ముట్టుకోను. అదే సెమీస్ చేరతారా అంటే మొదటి మూడు గుణిస్తే 33 శాతం, అక్కడ 3.00 కంటే పైన దొరికితే ఆలోచించొచ్చు.

టాప్ స్కోరర్ పందెంలో ఇంగ్లాండ్ కెప్టెన్ కేన్ మాత్రం నాకు ఇంకా నచ్చాడు. 2018లో గోల్డెన్ బూట్ (టాప్ స్కోరర్ అవార్డు) తీసుకున్నప్పుడు కొట్టిన 6 గోల్స్‌లో మూడు పెనాల్టీలే, పనామా మీదే హ్యాట్రిక్, ఆ పనామా మళ్లీ ఇదే గ్రూప్‌లో ఉంది. టీమ్ క్వార్టర్స్‌లో ఆగిపోయినా కేన్ పందెం బతికే ఉంటుంది, ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే ఒక్కడే భయం. జూన్ 17న క్రొయేషియాతో మ్యాచ్ డ్రా అయితే కప్పు రేటు ఎలాగూ పైకి లేస్తుంది, అప్పుడు లెక్క మళ్లీ వేస్తా.