అమ్మతో మరో ఎండాకాలం

మా అమ్మకు మల్టిపుల్ స్క్లెరోసిస్ ముదిరి, నడుము కింది భాగం పూర్తిగా పట్టు తప్పింది. కరెంటు తీగకు తొడుగులా నరాలను కాపాడే మైలిన్ పొరను సొంత రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీయడం వల్ల మెదడు పంపే ఆజ్ఞలు కాళ్లకు చేరడం లేదు.

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలలు మాకు అన్నిటికన్నా కష్టమైనవి. ఒంటి వేడి కాస్త పెరిగినా ఆ నరాలలో సంకేతాలు మందగించి, ఉదయం స్పష్టంగా మాట్లాడిన అమ్మకు మధ్యాహ్నానికి మాట తడబడుతుంది, చేతిలో చెంచా నిలవదు; 1890లో జర్మన్ నేత్రవైద్యుడు ఊట్‌హాఫ్ వర్ణించిన ఈ లక్షణం ఒళ్లు చల్లబడగానే తగ్గుతుందని తెలియక, మొదటి ఏడాది నేను జబ్బు మళ్లీ తిరగబెట్టిందనుకొని ఎంతో భయపడ్డాను. ఇప్పుడు ఎండ ముదరకముందే కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టి, తడిగుడ్డతో ఆమె మెడా చేతులూ తుడుస్తున్నాను.

రాత్రి రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం నాన్నా నేనూ వంతులవారీగా చేస్తాం. తిప్పిన ప్రతిసారీ మడమలు, నడుము చివర చర్మం ఎర్రబడిందేమో చూడాలి, ఎందుకంటే స్పర్శ తగ్గిన చోట పుండు పడినా అమ్మకు తెలియదు. పలుచని నీళ్లు పొలమారుతున్నందువల్ల, డాక్టరు సలహాపై, ఆమెను నిటారుగా కూర్చోబెట్టి చిక్కని రాగిజావను కొంచెం కొంచెంగా పడుతున్నాం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును వైకల్యంగా గుర్తించింది; ధ్రువపత్రానికి ఆలస్యం చేయవద్దని ఇలాంటి కుటుంబాలను కోరుతున్నాను.

నిన్న జావ తాగుతూ మధ్యలో ఆగి, "నువ్వు తిన్నావా నాన్నా?" అని అడిగింది. నేను ఇంకా తినలేదు.