కరిగించే ముందు ఒక్కసారి బోర్లించి చూడండి

పాత వెండి, బంగారు వస్తువులకు విలువ కట్టడం నా పని. సంచి బల్ల మీద పెట్టగానే చాలామంది అడిగే మాట ఒకటే: "ఎన్ని గ్రాములుందో చూసి, కరిగిస్తే ఎంతొస్తుందో చెప్పండి." అది చెప్పడం చిటికెలో పని. బరువు, మేలిమి, ఆ రోజు రేటు గుణిస్తే సరి. కానీ ఆ అంకె ఒకసారి చెవిన పడ్డాక ఇంక ఏం చెప్పినా వినిపించుకోరు. అందుకే నేను త్రాసుని చివరిదాకా బయటికి తీయను. ముందు భూతద్దం తీస్తాను.

ఇంకో మాట. చూపించడానికి తెచ్చేముందు దయచేసి తోమకండి. వెండి మీద పట్టే నలుపు, గాలిలోని గంధకం వల్ల ఏర్పడే పొర. పాలిష్ పెట్టి రుద్దిన ప్రతిసారీ ఆ పొరతో పాటు కాస్త వెండి కూడా పోతుంది. ముందుగా అరిగేవి ముద్రలు, నగిషీ అంచులు. అంటే వస్తువు వయసు చెప్పే భాగాలే. ముంచి తీస్తే తెల్లబడే ద్రావకాలు ఇంకా చేటు. నగిషీ సందుల్లో నిలవాల్సిన నలుపుని కూడా లాగేసి, వస్తువుని పాలిపోయినట్టు చేస్తాయి.

పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకి నేను బ్రిటిష్ వెండితోనే మొదలుపెట్టమంటాను. అక్కడి ముద్రలు చదవడం వస్తే తయారైన ఏడాదితో సహా తెలుస్తుంది. ఇది రాస్తుంటే నా ముందు ఒక పెద్ద చెంచా ఉంది. కాడ వెనక్కి తిప్పితే పై కొస దగ్గర వరసగా ఐదు ముద్రలు. నడిచే సింహం అంటే వెయ్యికి 925 పాళ్లు వెండి అని హామీ. 1544 నుంచి వాడుతున్నారు. కిరీటం పెట్టుకున్న చిరుతపులి తల అంటే లండన్‌లో పరీక్ష చేశారని. రాజు తల అంటే పన్ను కట్టారని. చిన్న అక్షరం ఏడాదికి గుర్తు. చివర, చేసినవారి పొడి అక్షరాలు.

రాజు లేదా రాణి తల ముద్ర 1784లో మొదలై 1890లో ఆగిపోయింది. లండన్ చిరుత నెత్తిన కిరీటం 1821లో పోయింది. అంటే అక్షరం జోలికి పోకుండానే ఈ చెంచా ఆ 1784-1821 మధ్యదని తేలిపోయింది. ఇక అక్షరం సంగతి. లండన్‌లో 1975కి ముందు ఇరవై అక్షరాలు అయిపోగానే మళ్లీ మొదటికి వచ్చేవారు, కాకపోతే అక్షరం రాత, దాని చుట్టూ ఉన్న డాలు ఆకారం మార్చేవారు. అక్షరం ఒక్కటే చూసి పట్టికలో ఏడాది వెతికితే లెక్క ఎన్ని దశాబ్దాలైనా తప్పొచ్చు. డాలు కింది అంచు గుండ్రంగా ఉందా, మొనదేలిందా, మూలలు కోసినట్టున్నాయా అని కూడా చూడాలి.

ముద్రలు పడిన చోటు కూడా సాక్ష్యమే. 1780లకు ముందు చెంచాలకి కాడ కింది భాగంలో, గరిటెకి దగ్గరగా ముద్రలు కొట్టేవారు. అక్కడ కాడ సన్నం కాబట్టి ఆ దెబ్బకి నలిగి, ముద్రలు సాగిపోయి కనిపిస్తాయి. తర్వాత పై కొసకి మార్చారు. నా ముందున్న చెంచాలో ముద్రలు పైన ఉన్నాయి, రాజు తల కూడా ఉంది. రెండూ ఒకదానితో ఒకటి పొసిగాయి. నేను వెతికేది ఈ పొసగడాన్నే. ముద్ర ఒక మాట, ఆకారం ఇంకో మాట, అరుగుదల మరో మాట చెప్తుంటే అక్కడ ఆగి చూడాలి.

1697 నుంచి 1720 దాకా ఇంగ్లండ్‌లో వెండి సామానుకి మేలిమి పెంచారు. నాణేలు కత్తిరించి, కరిగించి సామాను చేసేస్తున్నారని వెయ్యికి 958 పాళ్లు ఉండి తీరాలన్నారు. ఆ కాలంలో నడిచే సింహం బదులు బ్రిటన్‌కి ప్రతీకగా గీసే స్త్రీమూర్తి బ్రిటానియా కూర్చున్న ముద్ర పడేది. కాబట్టి 1705 నాటి లండన్ వస్తువు అంటూ నడిచే సింహంతో వచ్చిందంటే, భూతద్దం ఇంకాస్త దగ్గరికి జరపాల్సిందే.

మోసాల్లో నాకు బాగా బాధ కలిగించేది ముద్రల మార్పిడి. విరిగిపోయిన చిన్న చెంచా నుంచి ముద్రలున్న ముక్క కోసి, పెద్ద కూజా అడుగున అతికిస్తారు. ఇలాంటిది పట్టుకోవడానికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. ముద్రల మీద నోటితో ఆవిరి ఊదండి. ఆ మసక తేలిపోతున్న రెండు మూడు క్షణాల్లో టంకం గీత విడిగా బయటపడుతుంది. చెరిపేసిన వంశచిహ్నాలు కూడా ఇలాగే నీడలా కనిపిస్తాయి. అలాంటి చోట బొటనవేలితో మెల్లగా నొక్కితే రేకు పలచబడి లోపలికి దిగుతుంది. అది విలువని గట్టిగానే తగ్గిస్తుంది.

ఇక పోతపోసిన నకిలీలు. అసలు చెంచా ఒకదాన్ని అచ్చుగా పెట్టి డజను పోస్తే, డజనులోనూ ముద్రలు అదే చోట, అదే వంకరతో, అదే గీతతో ఉంటాయి. చేత్తో ఒక్కొక్కటీ కొట్టిన ముద్రలు అంత కవలల్లా రావు. పైగా పోత ముద్రల అంచులు సబ్బు అరిగినట్టు మెత్తగా ఉంటాయి. మూత ఉన్న వస్తువైతే మూత మీదా ముద్రలు ఉండాలి, అవి ఒంటి మీద ఉన్నవాటితో కలవాలి. సాదా జార్జియన్ (1714-1830 నాటి) మగ్గుకి విక్టోరియా కాలంలో మూతి అతికించి, పువ్వులూ తీగలూ చెక్కి పాల కూజా చేసినవి చాలా ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి గానీ తెలిసినవాళ్లు సాదా మగ్గుకే ఎక్కువ ఇస్తారు. నా ఓటూ దానికే.

వెండి కానివి త్వరగా చెప్పేస్తాను. ఈ.పి.ఎన్.ఎస్. అంటే నికెల్ మిశ్రమం మీద వెండి పూత. జర్మన్ సిల్వర్‌లో రాగి, నికెల్, జింకు ఉంటాయి, వెండి ఉండదు. వీటిని కరిగిస్తే వచ్చేది దాదాపు ఏమీ లేదు. కానీ పాత షెఫీల్డ్ ప్లేటుని ఈ గుంపులో కలిపేయకండి. 1740లలో షెఫీల్డ్‌లో థామస్ బోల్సోవర్ కనిపెట్టిన పద్ధతి అది. రాగి దిమ్మెకి వెండి రేకు వేడితో అతికించి, రెంటినీ కలిపే రేకులుగా సాగదీసేవారు. 1840లో ఎల్కింగ్టన్ కంపెనీ విద్యుత్ పూతకి పేటెంట్ తీసుకున్నాక ఆ పని క్రమంగా మూలపడింది. అంచుల్లో రాగి ఎర్రగా తొంగిచూస్తుంటే కంగారుపడి కొత్త పూత వేయించకండి. కొనేవాళ్లకి కావాల్సింది ఆ ఎరుపే.

మిగతా దేశాలవి గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. ఫ్రెంచి వెండికి 1838 నుంచి రోమన్ దేవత మినర్వా తల. జర్మనీలో చేసిన అసలు వెండికి నెలవంక, కిరీటం, పక్కన 800 లాంటి అంకె. పాత రష్యన్ వస్తువు మీద 84 ఉంటే వెయ్యికి 875 పాళ్లు అని, ఎందుకంటే వాళ్ల లెక్క 96కి. అమెరికన్ వాటిలో చాలావాటిపై నేరుగా 'స్టెర్లింగ్' అని ఉంటుంది, అంటే వెయ్యికి 925 పాళ్ల వెండి.

బంగారం దగ్గర రంగుని నమ్ముకోకూడదు. పద్దెనిమిదో శతాబ్దపు పించ్‌బెక్ రాగి, జింకుల మిశ్రమమే అయినా బంగారంలా ఉంటుంది. ముద్రలు తోడున్నప్పుడు మాత్రం బంగారం ఎంతో చెప్తుంది. బ్రిటిష్ నగ మీద 15 క్యారెట్లు అని ఉంటే అది 1854-1932 మధ్యదే, ఎందుకంటే ఆ మేలిమి చలామణీలో ఉన్నది ఆ మధ్యనే. ఇంకొకటి చాలామందికి తెలియదు: 1844 దాకా 22 క్యారెట్ల బంగారానికి కూడా వెండికి కొట్టే నడిచే సింహమే కొట్టేవారు. అలాంటి చిన్న పెట్టె దొరికితే బంగారు మలాము వేసిన వెండి అనుకుని పక్కన పెట్టేసే ప్రమాదముంది. సందేహం తీరాలంటే గాలిలో తూచి, తర్వాత దారంతో నీళ్లలో వేలాడదీసి తూచండి. మొదటి బరువుని, నీళ్లలో ఎంత తగ్గిందో ఆ తేడాతో భాగిస్తే సాంద్రత వస్తుంది. స్టెర్లింగ్ వెండికి 10.3 చుట్టుపక్కల వస్తే, 22 క్యారెట్ల బంగారానికి 17 దాటుతుంది. లోపల గాలి నిలిచే బోలు వస్తువులకి ఈ పరీక్ష పనికిరాదు. గీటురాయి మీద గీసి ఆమ్లం చుక్క వేయడం పాత పద్ధతి, నమ్మకమైనదే, కానీ పురాతన వస్తువుకి గీత పడుతుంది. ఎక్స్‌రే యంత్రం గీత పెట్టదు గానీ పైపొరనే చదువుతుంది; మందపాటి మలాము దాన్ని బురిడీ కొట్టించగలదు.

ఇప్పుడు త్రాసు. కొవ్వొత్తి స్టాండ్ల అడుగున, కత్తుల పిడుల్లో లక్క లాంటి పదార్థమో, ఇంకేదైనా బరువో నింపి ఉంటుంది, కాబట్టి మొత్తం తూకం వెండి తూకం కాదు. పాత పళ్లేల వెనక సన్నగా గీరిన అంకెలుంటే తుడిచేయకండి. అవి అప్పటి బరువు, ట్రాయ్ ఔన్సుల్లో, ఔన్సుకి 31.1 గ్రాములు. ఇప్పటి తూకం కొంచెం తక్కువ వస్తే అరుగుదల అనుకోవచ్చు. బాగా తక్కువైతే ఏదో కోసేశారు. ఎక్కువైతే ఏదో తగిలించారు.

ఇంతా చూశాక కూడా విలువ ఒక్క అంకె కాదు. కరిగిస్తే వచ్చేది అన్నిటికన్నా కింది మెట్టు. వేలంలో వచ్చేది వేరు, దుకాణం అమ్మే ధర వేరు, బీమాకి రాసే ధర వీటన్నిటికన్నా పైన ఉంటుంది. బీమా కాగితం చూపించి అంత ధర ఇవ్వమని ఎవరినీ అడగలేం. పాల్ డి లామెరీ, పాల్ స్టార్, హెస్టర్ బేట్‌మన్ లాంటి పేరుమోసిన లండన్ వెండి పనివాళ్ల ముద్ర ఉంటే లోహం ధర ఊసే ఎత్తక్కర్లేదు. పేరున్న పనివాళ్లు కాకపోయినా, మార్పులేవీ చేయని, ముద్రలు నిండుగా ఉన్న వస్తువుకి కొనేవాళ్లు దొరుకుతారు.

ఇంతగా బతిమాలడానికి కారణముంది. 1689లో పద్నాలుగో లూయీ యుద్ధ ఖర్చుల కోసం వెర్సాయ్‌లోని వెండి బల్లలు, కుర్చీలు కరిగించేశాడు. వాటిని ఇప్పుడు చిత్రాల్లో చూసుకోవాల్సిందే. 1980 జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్ల దగ్గరికి ఎగబాకినప్పుడు జనం ఇళ్లల్లోని చెంచాలు, కూజాలు వరసకట్టి పొయ్యిలోకి పంపారు. రెండు నెలల్లో ధర పడిపోయింది. కరిగినవి తిరిగి రాలేదు. ఇప్పుడు కూడా ధర పెరిగిన ప్రతిసారీ నా గుండె దడదడలాడుతుంది.

ఎవరికైనా ఫోటో పంపాలంటే ఫ్లాష్ వద్దు. కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూసుకుని, ముద్రలని ఒక్కొక్కటిగా దగ్గర నుంచి తీయండి. పక్కన స్కేలు పెట్టండి. మూత ఉంటే దాని లోపలి వైపు కూడా విడిగా తీయండి.