సూపర్ కండక్టర్లలో వోర్టెక్స్ టాపిక్: నేను చదివిన పద్ధతి

సాలిడ్ స్టేట్ చదివేవాళ్లలో చాలామంది మైస్నర్ ఎఫెక్ట్, బీసీఎస్ గ్యాప్, జోసెఫ్‌సన్ జంక్షన్ చూసుకుని టైప్-2 (అయస్కాంత క్షేత్రాన్ని, అంటే ఫీల్డ్‌ని, కొంత లోపలికి రానిచ్చే సూపర్ కండక్టర్లు) దగ్గర పుస్తకం మూసేస్తారు. 1957లో అబ్రికోసొవ్ చెప్పిన వోర్టెక్స్ లాటిస్ (లోపలికి వచ్చిన ఫీల్డ్ సన్నని సుడి గొట్టాలుగా వరసగా అమరడం) బొమ్మ ఒకటి గుర్తుంటే చాలనుకుంటారు. హై-టెంపరేచర్ సూపర్ కండక్టర్ల మీద ప్రశ్న వస్తే ఆ బొమ్మ సరిపోదు.

నేను సూత్రాలు బట్టీ పట్టలేదు. రెండు పొడవులు మాత్రం గుర్తుపెట్టుకున్నాను. వైబీసీవో (యిట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్)లో కాపర్-ఆక్సైడ్ పొరల వెంబడి కోహెరెన్స్ లెంగ్త్ (సుమారుగా వోర్టెక్స్ నడిమి భాగం సైజు) 1.5 నానోమీటర్లు, పెనెట్రేషన్ డెప్త్ (ఫీల్డ్ లోపలికి చొచ్చుకుపోయే లోతు) సుమారు 150 నానోమీటర్లు. నిష్పత్తి 100. టైప్-2 అవడానికి 0.71 దాటితే చాలు! ఇక ఒక్కో వోర్టెక్స్ మోసే ఫ్లక్స్ 2.07 × 10⁻¹⁵ వెబర్లు. దీన్ని కోహెరెన్స్ లెంగ్త్ వర్గానికి 2π రెట్లతో భాగిస్తే పై క్రిటికల్ ఫీల్డ్ (ఇది దాటితే సూపర్ కండక్టివిటీ పోతుంది) దాదాపు 146 టెస్లా వస్తుంది. వోర్టెక్స్‌లు లోపలికి రావడం మొదలయ్యే కింది క్రిటికల్ ఫీల్డేమో 34 మిల్లీటెస్లా దగ్గర తేలుతుంది. అంటే ల్యాబ్‌లో మామూలుగా వాడే ఫీల్డులన్నీ ఈ రెంటి మధ్యలోనే పడతాయి. ఇదొక్కటి చేత్తో లెక్కేసి చూడండి, సగం చాప్టర్ దారికొస్తుంది.

1 టెస్లా దగ్గర వోర్టెక్స్‌ల మధ్య దూరం సుమారు 49 నానోమీటర్లు, పెనెట్రేషన్ డెప్త్ కన్నా తక్కువ. వాటి ఫీల్డులు ఒకదానిమీదొకటి పడి, లోపల ఫీల్డ్ దాదాపు సమంగా ఉంటుంది. పరీక్షలో ఆప్షన్లు తికమక పెట్టేది ఇక్కడే.

ఎక్కువ టైమ్ ఇవ్వాల్సింది కదలికకి. కరెంట్ పంపితే లోరెంజ్ బలం వోర్టెక్స్‌లను అడ్డంగా నెడుతుంది. అవి కదిలితే వోల్టేజ్ పుడుతుంది, సూపర్ కండక్టర్‌లోనే రెసిస్టెన్స్ కనిపిస్తుంది. లోపాలు వాటిని పట్టి ఉంచితే అది పిన్నింగ్. హిస్టెరిసిస్ లూప్ (ఫీల్డ్ పెంచి తగ్గిస్తే మాగ్నెటైజేషన్ గీసే వలయం) వెడల్పు చూసి క్రిటికల్ కరెంట్ చెప్పే బీన్ మోడల్ (1962) దీనిమీదే నిలబడింది. కోహెరెన్స్ లెంగ్త్ ఇంత చిన్నది, పైగా 77 కెల్విన్ (ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత) వేడి. అందుకే పిన్నింగ్ సడలి ఫ్లక్స్ క్రీప్ (వోర్టెక్స్‌లు మెల్లగా జారడం) మొదలవుతుంది, లాటిస్ కరిగిపోవడం కూడా జరుగుతుంది. బిస్మత్ కుప్రేట్ల (బిస్మత్ ఉన్న కాపర్-ఆక్సైడ్ సూపర్ కండక్టర్లు)లోనైతే వోర్టెక్స్ పొరపొరకీ విడిపోయి 'పాన్‌కేక్'లవుతుంది.

ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు జీరో-ఫీల్డ్-కూల్డ్, ఫీల్డ్-కూల్డ్ (ఫీల్డ్ లేకుండా చల్లబరిచినప్పుడు, ఫీల్డ్‌లో చల్లబరిచినప్పుడు ఉష్ణోగ్రతతో మాగ్నెటైజేషన్ ఎలా మారుతుందో చూపే) గ్రాఫులు గీయడం ప్రాక్టీస్ చేయండి. రెండూ విడిపోయే ఉష్ణోగ్రతే ఇర్రివర్సిబిలిటీ పాయింట్ (దీనికి కింద పిన్నింగ్ పనిచేస్తుంది), ట్రాన్సిషన్ టెంపరేచర్ కాదు. ఫీల్డ్ పెంచితే అది ఎటు జరుగుతుందని తప్పకుండా అడుగుతారు: కిందికి.