మనసు మారాలంటే ఎవరు ఎక్కువ మాట్లాడాలి?

ఎదుటి మనిషి లోకాన్ని చూసే తీరు తప్పనిపిస్తే వెంటనే ఆధారాలు బయటికి తీస్తాం. అంకెలు, వీడియోలు, నిపుణుల మాటలు. ఆధారాలు అసలే పనిచేయవని కాదు. ఫలానా అంకె తప్పని చూపిస్తే చాలామంది ఆ అంకెను దిద్దుకుంటారు. దాని వెనకున్న అభిప్రాయాన్ని మాత్రం అలాగే ఉంచుకుంటారు. అది మొదటినుంచీ అంకె మీద నిలబడింది కాదు కదా.

ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. "నాలుగు తగిలించకపోతే పిల్లలు దారికి రారు" అని గట్టిగా నమ్మే తండ్రి ఉన్నాడనుకోండి. ఆయన స్థానంలో మనల్ని ఊహించుకుంటే ఆయన అర్థమవుతాడని అనుకుంటాం. పరిశోధకులు టాల్ ఎయల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన 25 ప్రయోగాల్లో ఆ ఊహ వల్ల అవతలివాళ్ల మనసును సరిగ్గా అంచనా వేయడం మెరుగుపడలేదు. నేరుగా అడిగి తెలుసుకున్నప్పుడే మెరుగుపడింది. కాబట్టి సహానుభూతి ఊహతో కాదు, ప్రశ్నతో మొదలవ్వాలి.

అడగడంలోనూ తేడాలున్నాయి. "కొట్టడం తప్పని మీకనిపించడం లేదా?" అనేది ప్రశ్న కాదు, చివర ప్రశ్నార్థకం తగిలించిన తీర్పు. "మొన్న చెయ్యి చేసుకునే ముందు ఏం జరిగింది?" అనేది ప్రశ్న. జవాబు రాగానే సలహా ఇవ్వకుండా, విన్నదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పాలి: "వాడు చెయ్యి దాటిపోతాడేమోనని మీ భయం." మన అంచనా తప్పైతే ఆయనే దిద్దుతాడు, ఆ దిద్దుబాటులో ఇంకాస్త బయటపడతాడు. మద్యం మానలేని వాళ్లతో పనిచేస్తూ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో రాసిన 'మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్' అనే పద్ధతికి ప్రాణం ఇదే. దాన్ని తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి విస్తరించాడు. బాగా చేసేవాళ్లు ఒక్కో ప్రశ్నకు రెండుసార్లు తిరిగి చెబుతారు. కొత్తవాళ్ల సంభాషణ రికార్డు చేసి లెక్కపెడితే ఇది తలకిందులుగా ఉంటుంది, ప్రశ్న మీద ప్రశ్న.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది కొలబద్ద ప్రశ్న. "కొట్టకుండా పెంచగలనన్న నమ్మకం మీకు 0 నుంచి 10లో ఎంత?" ఆయన 3 అన్నాడనుకుందాం. ఇక్కడే చాలామంది జారిపోతారు. "8 ఎందుకు కాదు?" అని అడిగితే తన పాత నమ్మకానికి కారణాలు వరసగా చెబుతాడు, చెప్పినకొద్దీ అదే గట్టిపడుతుంది. "1 కాకుండా 3 ఎందుకన్నారు?" అని అడిగితే మార్పు వైపు కారణాలు ఆయన నోటివెంటే వస్తాయి. మన నోట విన్నవాటి కంటే వాటికి బరువెక్కువ.

ఇంత చిన్న సంభాషణకు అంత శక్తి ఉంటుందా అంటే, ఒక మంచి ఆధారం ఉంది. ఇంటింటికీ తిరిగి మాట్లాడితే అభిప్రాయాలు మారతాయని 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన పత్రాన్ని, సమాచారం నమ్మదగినది కాదని తేలడంతో 2015లో వెనక్కి తీసుకున్నారు. ఆ లోపాలను పట్టుకున్నవాళ్లలో ఇద్దరు, డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా, అమెరికాలోని మయామీలో ఓటర్ల ఇళ్లకు మనుషుల్ని పంపి ప్రయోగం చేసి 2016లో ఫలితం ప్రచురించారు. ట్రాన్స్‌జెండర్ల పట్ల వ్యతిరేకతపై సుమారు పది నిమిషాల సంభాషణ. మిమ్మల్ని భిన్నమైనవాళ్లుగా చూసి ఎవరైనా చిన్నబుచ్చిన సందర్భం ఉందా అని ఓటర్లనే అడిగారు. వ్యతిరేకత తగ్గింది, కనీసం మూడు నెలలు నిలిచింది. తర్వాతి ప్రయోగాల్లో, తీర్పు చెప్పకుండా అనుభవాలు పంచుకునే భాగాన్ని తీసేసి వాదనలు మాత్రమే ఉంచితే ఆ ప్రభావం కనిపించలేదు. అలాగని అందరూ మారిపోయారనుకోవద్దు. ఇది సగటున కనిపించిన కదలిక.

కదలిక వేరు, కొత్త చూపు స్థిరపడటం వేరు. రెండో దానికి, పెద్దవాళ్లలో మార్పు ఎందుకు కష్టమో అధ్యయనం చేసిన రాబర్ట్ కీగన్, లీసా లేహీల నాలుగు గడుల కాగితం పనికొస్తుంది. మొదటి గడిలో లక్ష్యం: కొట్టకుండా ఉండాలి. రెండో గడిలో దానికి విరుద్ధంగా చేస్తున్నవి: అలసిపోయి ఇంటికొచ్చిన వెంటనే చదువు గురించి నిలదీయడం. మూడో గడిలో లోపల దాగిన పట్టుదల: చేతగాని తండ్రి అనిపించుకోకూడదు. నాలుగో గడిలో వీటన్నిటినీ మోస్తున్న ఊహ: ఒక్కసారి తగ్గితే ఇక జీవితంలో మాట వినడు. మూడో గడి రాసేటప్పుడు కొంచెం సిగ్గుగా, ఇబ్బందిగా అనిపించాలి. పిల్లల మంచి కోసమే అన్నట్టు రాస్తే ఇంకా పైపైనే ఉన్నట్టు.

తర్వాత పని నాలుగో గడిని పరీక్షించడం. వారం రోజులు, ఒక్క హోంవర్కు వేళలో మాత్రమే కొట్టకుండా ఉండి చూడటం. ఏం జరుగుతుందనుకుంటున్నాడో ముందే రాయించాలి. లేకపోతే పిల్లవాడు విన్నా "ఈసారి ఏదో కలిసొచ్చింది" అని కొట్టిపారేస్తాడు, పాత ఊహ చెక్కుచెదరదు. పరీక్ష మరీ పెద్దదైతే మొదటి రోజే తప్పుతాడు, ఆ తప్పే పాత నమ్మకానికి సాక్ష్యమవుతుంది.

ఈ ఓపికంతా దెబ్బలు ప్రమాదకర స్థాయికి చేరని చోటే. పిల్లవాడికి గాయాలవుతుంటే ఈ సంభాషణలు తర్వాత, ముందు రక్షణ.

వారం తర్వాత కలిసినప్పుడు "బాగా జరిగిందా?" అనకండి. ఆయన మిమ్మల్ని మెప్పించే జవాబు వెతుక్కుంటాడు. ముందుగా రాసిన కాగితం బల్ల మీద పెట్టి, "ఇందులో ఏది జరిగింది, ఏది జరగలేదు?" అని అడిగి, ఆయన చదివేదాకా ఆగండి.